డిజిటల్ సింథ్ అడిగిన ధరకు తగినదేనా? కొనే ముందు ఏం వాయించి చూడాలి?

కొత్త_మెట్లు

అందరికీ నమస్తే. ఒక డిజిటల్ సింథ్ (సింథసైజర్, అంటే ఎలక్ట్రానిక్‌గా శబ్దాలు పుట్టించే కీబోర్డు వాద్యం) కొనాలని చూస్తున్నాను. నాకు కావాల్సింది ప్యాడ్లు (వెనకాల సాగుతూ మోగే మెత్తటి శబ్దాలు), బేస్, అప్పుడప్పుడు లీడ్ (ముందు వినిపించే రాగం). ముప్పావు వంతు రికార్డింగ్ పనే, మిగతాది స్టేజి మీద. మూడు దారులు కనిపిస్తున్నాయి, మూడింటికీ అయ్యే ఖర్చు ఇంచుమించు ఒకటే.

ఒకటి, కొత్త వేవ్‌టేబుల్ సింథ్ (దాచిపెట్టిన అలల పట్టిక నుంచి శబ్దం తీసేది): 37 చిన్న కీస్, 8 వాయిస్‌లు (ఒకేసారి మోగగల స్వరాలు), పైన నిండా నాబ్‌లు. రెండు, సెకండ్‌హ్యాండ్ వర్క్‌స్టేషన్ (టోన్లు, రికార్డింగ్ అన్నీ ఒకే పెట్టెలో ఉండే కీబోర్డు): 61 మామూలు సైజు కీస్, వందల టోన్లు, వయసు ఇరవై ఏళ్ల పైనే. మూడు, మంచి మిడి కీబోర్డు (సొంత శబ్దం లేకుండా, ఏ కీ ఎలా నొక్కారో మాత్రం పంపేది) ఒకటి తీసుకుని ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ సింథ్‌లు వాడుకోవడం.

డెమో వీడియోల్లో అన్నీ అద్భుతంగానే మోగుతున్నాయి. లోపల ఉన్నది కంప్యూటరే అయినప్పుడు అంత డబ్బు దేనికి పోస్తున్నట్టు? 8 వాయిస్‌లు సరిపోతాయా? ఒక గంట వాయించి చూసే వీలు దొరికితే ఆ గంటలో ఏమేం చూసుకోవాలి? "మీ చెవికి నచ్చితే కొనేయండి" అని మాత్రం చెప్పకండి, ప్లీజ్.

---

ఆరు_ఆపరేటర్లు

ముందు ఎఫెక్ట్స్ ఆపేయండి. ఫ్యాక్టరీ టోన్లన్నీ రివర్బ్ (ప్రతిధ్వని)లో, కోరస్ (శబ్దాన్ని రెట్టించి మందం చేసేది)లో ముంచి తీసినవే. ఎంత నాసిరకం ఇంజిన్ (శబ్దం పుట్టించే భాగం) అయినా నాలుగు సెకన్ల రివర్బ్ తగిలిస్తే గుడిగంటలా మోగుతుంది. మెనూలో 'ఇనిట్' అని ఒక ఒట్టి ప్యాచ్ (టోన్ సెట్టింగ్) ఉంటుంది, అది తెరవండి. ఒకే ఆసిలేటర్ (అల పుట్టించేది), సా వేవ్ (రంపపు పళ్ల ఆకారపు అల), ఫిల్టర్ (శబ్దంలో కొంత భాగాన్ని కోసేది) పూర్తిగా తెరిచి, ఎఫెక్ట్స్ సున్నా. ఇప్పుడు వినిపించేదే మీరు డబ్బు పెట్టి కొంటున్న సరుకు.

ఆక్టేవ్ బటన్ నొక్కి పైపైకి వెళ్లండి. చిట్టచివరి ఆక్టేవ్‌లో ఒక కీ పట్టుకుని పిచ్ బెండ్‌ను మెల్లగా పైకి తోయండి. స్వరం పైకి పోతుంటే, దాని వెనకాల ఇంకేదో సన్నటి కూత కిందికి జారుతోందా? అదే ఏలియాసింగ్. ఎందుకొస్తుందో లెక్క వేసి చూడండి. సింథ్ లోపల శాంప్లింగ్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు అంకెగా రాస్తుందో) 48,000 అనుకుందాం, అంటే అందులో సగం, 24,000 హెర్ట్జ్ పైన దేనికీ చోటు లేదు. 5,000 హెర్ట్జ్ సా వేవ్ వాయిస్తే దాని తొమ్మిదో హార్మోనిక్ (తొమ్మిది రెట్ల పౌనఃపున్యం) 45,000 దగ్గర ఉండాలి. చోటు లేక అది మడత పడి 48,000 లోంచి 45,000 పోగా మిగిలిన 3,000 దగ్గర తేలుతుంది. మీరు వాయించిన స్వరం కన్నా కింద, దానితో ఏ పొంతనా లేని చోట! బెండ్ చేసి 5,100కి తీసుకెళితే తొమ్మిదోది 45,900, మడత పడితే 2,100. స్వరం 100 ఎక్కితే ఆ దెయ్యం కూత 900 దిగింది. మంచి ఇంజిన్లలో దీన్ని అణిచే లెక్కలు ముందే రాసిపెట్టి ఉంటాయి. ఆ లెక్కలకు ప్రాసెసర్ శక్తి కావాలి, దాన్ని రాసేవాళ్ల జీతాలూ కావాలి. డబ్బు పోయే చోట్లలో ఇదొకటి.

తర్వాత ఫిల్టర్. రెజొనెన్స్ (కోసే చోట శబ్దాన్ని పెంచేది) ముప్పావు వరకు పెంచి, ఒక కింది స్వరం పట్టుకుని, కటాఫ్ (ఎక్కడ కోయాలో చెప్పే) నాబ్‌ను పది సెకన్లలో ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పండి. నూనె జారినట్టు రావాలి. మెట్లు దిగినట్టు టకటకమంటే ఆ నాబ్ 128 అంచెల్లోనే పనిచేస్తోందన్నమాట. చెవికి వినిపించే పరిధి సుమారు పది ఆక్టేవ్‌లు, అంటే 120 అర్ధస్వరాలు. 128 అంచెల్లో దాన్ని చుట్టేస్తే ఒక్కో అంచె దాదాపు ఒక అర్ధస్వరం! రెజొనెన్స్ ఉన్నప్పుడు అది మెట్లలా వినపడక ఏం చేస్తుంది? అంచెలు తక్కువున్నా మధ్య ఖాళీని లోపల నునుపు చేసే సింథ్‌లున్నాయి, కాబట్టి స్పెక్ షీట్ చదివితే లాభం లేదు, తిప్పి వినాల్సిందే.

మూడోది ఎన్వలప్, అంటే కీ నొక్కాక శబ్దం ఎక్కి తగ్గే తీరు. అటాక్ (ఎక్కే సమయం) సున్నా, సస్టెయిన్ (కీ పట్టుకున్నంతసేపు నిలిచే స్థాయి) సున్నా, డికే (ఎక్కాక తగ్గే సమయం) చాలా చిన్నది. బేస్ స్వరం మీద ఒకే కీని గబగబా కొట్టండి. ప్రతి దెబ్బా ఒకేలా 'టప్' మనాలి. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా వస్తుంటే ఎన్వలప్ లెక్క అరుదుగా మారుతోందని అర్థం. బేస్ మీకు ముఖ్యం అన్నారు కాబట్టి ఇది వదలొద్దు.

ఒక మాట. ఈ గరుకు ఎప్పుడూ దోషమే అనుకోవద్దు. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7లో డీఏసీ (అంకెలను శబ్దంగా మార్చే చిప్పు) 12 బిట్లదే, ఆ గరుకు కోసమే దాన్ని వెతుక్కుని కొనేవాళ్లున్నారు. గంటలకీ లోహపు శబ్దాలకీ అది అందం. మెత్తటి ప్యాడ్‌కి మాత్రం పంటి కింద రాయి. తక్కువ ధర సింథ్‌లో పై ఆక్టేవ్ ఒక్కటే చెడితే సర్దుకోవచ్చు. మధ్య ఆక్టేవ్‌లలోనే వినిపిస్తుంటే, అందులోనూ ఖరీదైన దాంట్లో, నేనైతే వదిలేస్తాను.

---

తోక_తెగిన_ప్యాడ్

వాయిస్‌ల సంగతి నేను చెబుతాను, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

ప్యాడ్‌కి రిలీజ్ (కీ వదిలాక శబ్దం ఆగే సమయం) 3 సెకన్లు పెట్టండి. నాలుగు స్వరాల కార్డ్ వాయించి వదలండి, ఒక సెకను తర్వాత ఇంకో నాలుగు. ఎనిమిదీ అయిపోయాయి, ఎందుకంటే వదిలేసిన మొదటి నాలుగూ ఇంకా తగ్గుతూ మోగుతూనే ఉన్నాయి. మూడో కార్డ్ కొట్టగానే మొదటి కార్డ్ తోక తెగుతుంది. రెండు టోన్లు లేయర్ చేస్తే ఒక్కో కీకి రెండు వాయిస్‌లు, అంటే చేతిలో నాలుగే. యూనిసన్ (ఒకే కీకి చాలా వాయిస్‌లు కలిపి మోగించడం) 4 పెడితే రెండు కీస్‌తో సరి. పేరు మోసిన వాటికీ ఇదే లెక్క. 1988 నాటి కోర్గ్ ఎం1 16 వాయిస్‌లది, డబుల్ మోడ్‌లో (ఒక్కో కీకి రెండు) అది 8. డీఎక్స్7కీ పదహారే, కానీ ఒకసారికి ఒకే ప్యాచ్ మోగుతుంది.

లెక్కపెట్టడం తేలిక. సస్టెయిన్ పెడల్ తొక్కి, బాగా కింది స్వరం ఒకటి కొట్టండి. ఇప్పుడు పైన ఒక్కో కీ కొడుతూ లెక్కించండి. కింది స్వరం ఎక్కడ మాయమైతే అక్కడితో వాయిస్‌లు నిండాయి. కొన్ని సింథ్‌లు తెలివిగా అన్నిటికన్నా కింది స్వరాన్ని కాపాడి, మధ్యలో వాటిని తీసేస్తాయి. అది మంచి గుణమే. తెగేటప్పుడు 'టిక్' మంటోందా, మెత్తగా తప్పుకుంటోందా అన్నది కూడా వినండి. 16 వాయిస్‌లు ఉండి టిక్కుమనే దానికన్నా 8 ఉండి చప్పుడు లేకుండా తప్పుకునేది నయం.

రికార్డింగ్‌కి 8 చాలు, ట్రాక్ తర్వాత ట్రాక్ ఎక్కించుకోవచ్చు. స్టేజి మీద ఎడమ చేత్తో బేస్, కుడి చేత్తో ప్యాడ్ స్ప్లిట్ చేసి వాయించాలంటే ఇరుకు.

ఇంకోటి. పాలీఫోనిక్ (ఒక్కో స్వరానికి విడి ఫిల్టర్), పారాఫోనిక్ (స్వరాలన్నిటికీ ఒకే ఫిల్టర్) ఒకటి కావు. ఆర్టూరియా మైక్రోఫ్రీక్‌నే తీసుకోండి, నాలుగు స్వరాలు మోగుతాయి కానీ ఫిల్టర్ అన్నిటికీ కలిపి ఒక్కటే. ఒక స్వరం పట్టుకుని ఉండగా రెండోది కొడితే ఫిల్టర్ కదలిక విడిగా ఉండదు. ఆ సంగతి తెలిసి కొనుక్కుంటే దాని ధరకు బ్రహ్మాండమైన సింథే. ప్యాడ్ల కోసం కొంటే మాత్రం గొడవ.

---

టంకం_పుల్ల

రెండో దారి, అంటే పాతది. ఇందులో అడిగిన ధర ఒకటి, దాన్ని పనిచేసే స్థితికి తేవడానికి అయ్యే ఖర్చు ఇంకోటి. రెండూ కలిపి చూడాలి.

కీస్‌తో మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్‌కి మిడి కలిపి ఏదో ఒక మిడి మానిటర్ (వచ్చే మిడి సంకేతాలను చూపే ప్రోగ్రామ్) తెరవండి, ఒక్కో కీనీ మూడుసార్లు, మెత్తగా, మామూలుగా, గట్టిగా నొక్కండి. వెలాసిటీ (నొక్కిన వేగం) అంకె చూడండి, గరిష్ఠం 127. ప్రతి కీ కింద రెండు కాంటాక్టులుంటాయి, మొదటిది అంటుకున్నాక రెండోది అంటుకోవడానికి పట్టిన సమయాన్ని బట్టి వేగం లెక్కకడతారు. దుమ్ము చేరితే ఆ సమయం తప్పుతుంది. మెత్తగా నొక్కినా 127 వస్తుంది, లేదా అసలు మోగదు. ఇలాంటివి రెండు మూడు అక్కడక్కడా ఉంటే తుడిస్తే పోయే దోషం. పోయిన కీస్ ప్రతి ఎనిమిదోదీ ఒకటి చొప్పునో, వరసగా ఎనిమిదో ఉంటే అది దుమ్ము కాదు. కీస్‌ను సర్క్యూట్ ఎనిమిదేసి చొప్పున చదువుతుంది, ఆ లైను లేదా రిబ్బన్ కేబుల్ తెగి ఉంటుంది. "కొంచెం క్లీన్ చేస్తే చాలు" అని అమ్మేవాళ్లు చెప్పినా ఆ వరస చూస్తే మీకే తెలిసిపోతుంది. (పాత డీఎక్స్7 ఎంత గట్టిగా కొట్టినా 127 పంపదు. దాని తీరే అంత, చెడిపోయిందని అనుకోకండి.)

లోపల మామూలుగా సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ ఉంటుంది, కరెంటు ఆపాక టోన్లను గుర్తుంచుకునేది అదే. కొత్తది 3 వోల్టులకు కాస్త పైన చూపిస్తుంది, 2.7 కిందికి వస్తే రోజులు దగ్గరపడ్డట్టే. డీఎక్స్7లో ఫంక్షన్ మెనూలోనే వోల్టేజి కనిపిస్తుంది. చాలా పాత సింథ్‌లలో బ్యాటరీని హోల్డర్‌లో పెట్టరు, టంకం వేసి ఉంటుంది. మార్చేటప్పుడు ఈసారి హోల్డర్ వేయించుకోండి. విప్పే ముందు సిస్‌ఎక్స్ డంప్ (టోన్లన్నిటినీ మిడి ద్వారా కంప్యూటర్‌లో ఫైల్‌గా దాచుకోవడం) తప్పనిసరి. డీఎక్స్7 32 టోన్ల బ్యాంకు మొత్తం 4,104 బైట్లు, మిడి కేబుల్ మీద సెకనున్నర కూడా పట్టదు. అంత చిన్న పని చేయక టోన్లు పోగొట్టుకుంటారు. తిరిగి ఎక్కించేటప్పుడు మెమరీ ప్రొటెక్ట్ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే సింథ్ ఏమీ తీసుకోదు. చవకరకం యూఎస్‌బీ-మిడి కేబుళ్లు పొడవాటి సిస్‌ఎక్స్‌ను మధ్యలో మింగేస్తాయి. ఫైల్ సైజు సరిపోకపోతే ముందు కేబుల్‌ను అనుమానించండి.

డేటా డయల్‌ను ఒక్కో టిక్కు చొప్పున మెల్లగా తిప్పండి. అంకె 5, 6, 5, 7 అని వెనక్కీ ముందుకీ గెంతుతుంటే ఎన్‌కోడర్ (డయల్ తిరుగుడును అంకెలుగా మార్చే భాగం) అరిగింది. కాంటాక్ట్ క్లీనర్‌తో కొన్నాళ్లు నడుస్తుంది, మార్చడమే మేలు. స్క్రీన్ వెలుగు మందంగా ఉండి సన్నటి కీచు వినిపిస్తుంటే అది పాతకాలపు ఈఎల్ బ్యాక్‌లైట్. ఎల్‌ఈడీ వేసుకోవచ్చు. బాడీ మీద రబ్బరు పూత చేతికి జిగటగా అంటుకుంటే ఆ పూత కరిగిపోతోందని, తుడిచేసి వదిలించుకోవాల్సిందే. ఫ్లాపీ డ్రైవ్ బెల్టు సాగిపోయి ఉంటుంది. దాని చోట యూఎస్‌బీ పెట్టే గోటెక్ డ్రైవ్‌లు చాలా మోడళ్లకు పడతాయి, కానీ మీ మోడల్‌కు పడుతుందో లేదో ముందే తెలుసుకోండి.

మోడల్ పేరుతో వెతికితే ఒక్కోదానికీ ఒక పుట్టుమచ్చ బయటపడుతుంది. 1991 నాటి రోలాండ్ జేడీ-800లో కీస్‌కి బరువులు అతికించిన ఎర్ర జిగురు ఏళ్లు గడిచేసరికి కరిగి కిందికి కారుతుంది. కీస్ ఒకదానికొకటి అంటుకుపోతాయి, బరువులు ఊడతాయి. పైకి తళతళలాడుతూ ఉంటుంది, కింద మాత్రం ఆ గోల.

అడాప్టర్ అసలుది లేకపోతే పోలారిటీ బొమ్మ చూడండి. మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది కంపెనీకో రకం. వోల్టేజి సరిగ్గా అంతే ఉండాలి. కరెంటు, అంటే మిల్లీయాంప్‌లు, రాసినంత లేదా అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. తలకిందులుగా ఉన్నది గుచ్చితే ఒక్క క్షణంలో బోర్డు పోతుంది.

---

బఫర్_128

"లోపల కంప్యూటరే కదా" అన్నారు. అవును, కంప్యూటరే. కోర్గ్ వేవ్‌స్టేట్ లోపల ఉన్నది రాస్‌ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ (చిన్న కంప్యూటర్ బోర్డు). అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మొత్తం పెట్టెలో చిప్పుకి అయ్యేది చిన్న వాటా. ఖర్చంతా కీబెడ్ (కీస్, వాటి యంత్రాంగం), నాబ్‌లు, బాడీ, సాఫ్ట్‌వేర్ రాసే చాకిరీ.

ఆ వాటా ఎంతో తెలుసుకోవడానికి ఒక కిటుకుంది. ఒకే ఇంజిన్‌ను కొన్ని కంపెనీలు కీస్‌తో ఒకటి, కీస్ లేని డెస్క్‌టాప్ డబ్బా ఒకటిగా అమ్ముతాయి. హైడ్రాసింథ్ అనే సింథ్ ఉంది చూడండి, 49 కీస్ మోడల్‌లోనూ డెస్క్‌టాప్‌లోనూ అవే 8 వాయిస్‌లు, అదే ఇంజిన్. 37 చిన్న కీస్ ఎక్స్‌ప్లోరర్‌లోనూ 8 వాయిస్‌లే. ఈ మూడింటి ధరలూ పక్కపక్కన పెట్టి తీసివేత చేయండి. డెస్క్‌టాప్‌కీ 49 కీస్‌కీ మధ్య తేడా చాలావరకు కీబెడ్ ఖరీదు. ఆ డబ్బుకు విడిగా ఇంకా మంచి మిడి కీబోర్డు వస్తుందా? వస్తే డబ్బా కొనండి. ఒకటి మాత్రం మరచిపోవద్దు. హైడ్రాసింథ్ కీస్‌లో పాలీఫోనిక్ ఆఫ్టర్‌టచ్ ఉంది, ఒక్కో వేలి ఒత్తిడికి ఆ స్వరం ఒక్కటే స్పందిస్తుంది. అది ఉన్న మిడి కీబోర్డులు తక్కువ, తీసివేతలో ఆ సంగతి కలపాలి.

కొనే ముందు ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోండి. ఎఫ్‌ఎమ్ (డీఎక్స్7 తరహా శబ్దం) కావాలంటే డెక్స్‌డ్, డీఎక్స్7 సిస్‌ఎక్స్ ఫైళ్లు నేరుగా అందులో తెరుచుకుంటాయి. వేవ్‌టేబుల్‌కి వైటల్, లేదా సర్జ్ ఎక్స్‌టీ. పైన చెప్పిన సా వేవ్ పరీక్ష వీటిలోనూ చేయండి. ఒక వారం వీటితో ప్యాడ్లు, బేస్ తయారుచేశాక, మీరు చూస్తున్న హార్డ్‌వేర్‌లో వీటిలో లేనిది ఏముందో కాగితం మీద రాయండి. శబ్దం గురించి రాయడానికి ఏమీ దొరక్కపోతే, ఆ డబ్బు పూర్తిగా కీస్‌కీ నాబ్‌లకీ పోతున్నట్టు. దానికోసం కొనడం తప్పు కాదు, తెలిసి కొనాలి అంతే.

ఆలస్యం గురించి భయపెడతారు. 48,000 శాంప్లింగ్ రేటు దగ్గర బఫర్ (కంప్యూటర్ ఒకసారికి పంపే శబ్దపు అంకెల సంఖ్య) 128 పెడితే 128ని 48,000తో భాగించడమే, 2.7 మిల్లీసెకన్లు. 256 అయితే 5.3. దానికి ఆడియో ఇంటర్‌ఫేస్ సొంత ఆలస్యం ఇంకొంత కలుస్తుంది. హార్డ్‌వేర్ సింథ్‌కీ ఆలస్యం సున్నా కాదు. బఫర్ 512 పెడితేనే వేళ్లకు తెలిసేది.

సాఫ్ట్‌వేర్ దారికి నిజమైన లోపం స్టేజి మీద. అప్‌డేట్లు, నిద్రపోయే ల్యాప్‌టాప్, ఊడే యూఎస్‌బీ. అలాగని హార్డ్‌వేర్ కూడా స్విచ్ వేసినప్పటి నుంచి మోగే వరకు ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో టైమ్ పెట్టి చూడండి. పాట మధ్యలో కరెంటు పోయి వస్తే ఆ అర నిమిషం చాలా పొడుగు.

ఇంకో పరీక్ష. సింథ్‌ను యూఎస్‌బీతోనూ, ఆడియో కేబుల్‌తోనూ ఒకేసారి ల్యాప్‌టాప్ సెటప్‌కి కలపండి. మౌస్ కదిపినప్పుడల్లా స్పీకర్లో గీగీమంటే గ్రౌండ్ లూప్ (రెండు కేబుళ్ల ద్వారా గ్రౌండ్ చుట్టుగా కలవడం). యూఎస్‌బీ పీకేసి ఐదు పిన్నుల మిడి వాడితే పోతుంది, ఎందుకంటే మిడి ఇన్‌పుట్ దగ్గర ఆప్టోకప్లర్ ఉంటుంది, అక్కడ వెలుతురే దాటుతుంది, కరెంటు దాటదు. కాబట్టి ఐదు పిన్నుల మిడి లేని సింథ్‌కి నేను మార్కులు తగ్గిస్తాను.

---

కొత్త_మెట్లు

అందరికీ చాలా థ్యాంక్స్. చెప్పినవన్నీ వరసగా చేసి చూశాను. ఫలితాలు ఇవీ:

వేవ్‌టేబుల్ సింథ్: చివరి ఆక్టేవ్‌లో మాత్రమే దెయ్యం కూత. కటాఫ్ నునుపుగా ఉంది. మూడో కార్డ్‌కి తోక తెగింది కానీ టిక్ లేదు. ఐదు పిన్నుల మిడి ఉంది.

వర్క్‌స్టేషన్: మధ్య ఆక్టేవ్‌లో రెండు కీస్ ఎలా నొక్కినా 127. పక్కపక్కన లేవు, మధ్యలో మూడు మంచి కీస్ ఉన్నాయి. బ్యాటరీ 2.6. డయల్ గెంతుతోంది. కీస్ స్పర్శ మాత్రం మొదటిదానికన్నా చాలా బాగుంది. టంకం_పుల్ల అన్నా, ఆ రెండు కీస్ ఇంట్లో బాగుచేసుకోవచ్చా?

---

ఆరు_ఆపరేటర్లు

ప్యాడ్లు, బేస్, ముప్పావు వంతు రికార్డింగ్ అంటే నా ఓటు మొదటిదానికే. వందల టోన్లు ఉండటం వేరు, టోన్ తయారుచేయడం వేరు. వర్క్‌స్టేషన్‌లో కటాఫ్ కోసం నాలుగు పేజీలు తిప్పాల్సి వస్తే ఆ పని ఎవరూ చేయరు. స్క్రీన్ ముట్టుకోకుండా అటాక్, రిలీజ్, కటాఫ్, రెజొనెన్స్ అందుతున్నాయా? ఈ నాలుగూ చేతికింద లేని సింథ్‌లో ఇంజిన్ ఎంత గొప్పదైనా సగం డబ్బు లోపలే ఉండిపోతుంది.

తోక_తెగిన_ప్యాడ్

నేను ఒప్పుకోను. చిన్న కీస్ మీద స్టేజిలో రెండు చేతులా వాయించడం నరకం. రికార్డింగ్‌కి ఉచిత సాఫ్ట్‌వేర్ ఎలాగూ ఉంది, స్టేజికి వర్క్‌స్టేషన్ కొంటే రెండు పనులూ అవుతాయి. బాగుచేయడానికి అయ్యేదంతా ధరలో తగ్గించమని అడగండి, తగ్గించకపోతే వదిలేయండి.

టంకం_పుల్ల

చేసుకోవచ్చు తమ్ముడూ. మధ్యలో మూడు కీస్ బాగున్నాయంటే ఆ రెండూ ఎనిమిది వరసలో లేవు, దుమ్మే అయి ఉంటుంది. బ్యాటరీ 2.6 అన్నావు కాబట్టి ముందు డంప్ తీసి, ఆ ఫైల్ తెరుచుకుంటోందో లేదో చూసుకో.

ప్లగ్ పీకి, అడుగు విప్పు. స్క్రూలు ఒకే పొడవు ఉండవు, పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే బోర్డులోకి దిగుతుంది. అట్ట మీద సింథ్ బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చుకుంటూ పో. కీబెడ్ బయటికి తీశాక ఆ ఆక్టేవ్ కీస్ విప్పితే కింద రబ్బరు పట్టీ కనిపిస్తుంది, దాన్ని మెల్లగా లాగు. కింద బోర్డు మీద నల్లటి కార్బన్ మచ్చలు, రబ్బరు లోపల నల్లటి బొడిపెలు, రెండింటినీ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నూలు రాలని గుడ్డతో ఒక్కసారి, ఒత్తకుండా తుడువు. గీకొద్దు, కార్బన్ లేచిపోతే ఆ బోర్డుకి మందు లేదు. వేళ్లు తగలనివ్వొద్దు, చర్మం నూనె మళ్లీ అదే దోషం తెస్తుంది. పది నిమిషాలు ఆరనిచ్చి పట్టీ పెట్టు. రబ్బరు కాళ్లను రంధ్రాల్లోకి దించడానికి మొద్దు చివరున్న పుల్ల వాడు, పిన్ను వాడితే చిరుగుతుంది. ఒక్క కాలు సరిగా దిగకపోయినా ఆ కీ మళ్లీ 127 అంటుంది, అందుకే అన్నీ మూసేయకముందే కీబెడ్ కేబుల్ మళ్లీ తగిలించి మిడి మానిటర్‌లో 61 కీస్ ఇంకోసారి చూడు. అప్పుడు కరెంటు ఉంటుంది, విప్పిన సింథ్‌లో పవర్ సప్లై వైపు చెయ్యి పెట్టకు.

కీస్ మీద అక్కడక్కడా తెల్లటి గ్రీజు ఉంటుంది. మురికి అనుకుని తుడిచేస్తే కీస్ టకటకమంటాయి, దాన్ని అలాగే ఉండనివ్వు. డయల్‌కి మాత్రం క్లీనర్‌తో సరిపెట్టకు, బోర్డు బయటే ఉంది కాబట్టి అదే చేత్తో కొత్త ఎన్‌కోడర్ వేయించెయ్. ఎన్ని కాళ్లున్నాయో, ఒక చుట్టుకు ఎన్ని టిక్కులో లెక్కపెట్టుకుని అదే రకం తెచ్చుకో.